ల్యాప్‌టాప్‌కు పొడిగింపా, పదవీ విరమణా?

బెంగళూరు తెలుగు ఇళ్లలో ఏళ్ల తరబడి వాయిదా పడుతున్న వ్యాజ్యం ఒకటుంది. పగలంతా అమెరికా బ్యాంకుల సర్వర్లకు ప్రాణం పోసే ఇంజనీరు గారు రాత్రికి మారతహళ్లి ఫ్లాట్‌కు చేరి, 2018లో కొన్న సొంత ల్యాప్‌టాప్ మూత తీస్తారు. అది కళ్లు తెరిచేలోపు కాఫీ కలుపుకుని, తాగి, గ్లాసు కడిగి బోర్లిస్తారు. అప్పుడు ఇంట్లోవాళ్లను అడుగుతారు: "దీన్ని బాగు చేయిద్దామా, కొత్తది కొందామా?" ఇంట్లోవాళ్లు టీవీ సౌండు పెంచుతారు.

ఇంత గంభీరమైన విషయాన్ని ఇలా గాలికొదిలేయడం భావ్యం కాదు. తాలూకా ఆఫీసు గుమాస్తాను ఇంటికి పంపేముందు కూడా సర్వీసు రిజిస్టరు తిరగేస్తారు. ల్యాప్‌టాప్‌కూ ఆపాటి మర్యాద దక్కాలి. కనుక విచారణ క్రమాన్ని ఇందుమూలంగా ఖరారు చేస్తున్నాం. బావమరుదులు సాక్షులుగా మాత్రమే హాజరు కావచ్చు, తీర్పు చెప్పరాదు. "ర్యామ్ వేయించు బావా, రాకెట్‌లా పోతుంది" అన్న ఒక్క వాక్యం మీద మనవాళ్లు తగలేసిన డబ్బుతో ఔటర్ రింగు రోడ్డు గుంతలన్నీ పూడ్చవచ్చు.

నెమ్మది అన్నది ఫిర్యాదు మాత్రమే. ముద్దాయి ఎవరో తేల్చాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ పేజీని ఓ పది నిమిషాలు చూడండి. ప్రాసెసర్ ఇరవై శాతం దగ్గర కునికిపాట్లు పడుతుంటే, డిస్క్ నూటికి నూరు దగ్గర రొప్పుతోందా? అయితే దోషి దొరికినట్టే. పాత హార్డ్ డిస్క్ అంటే నిమిషానికి 5400 చుట్లు తిరిగే పళ్లెం, దాని మీద అటూ ఇటూ పరిగెత్తే ముల్లు. ఆ ముల్లు సెకనుకు సుమారు వంద చోట్లకు మించి వెళ్లలేదు. విండోస్ నిద్ర లేవాలంటే వేల కొద్దీ చిన్న ఫైళ్లు చదవాలి. ఎస్ఎస్‌డీలో (పళ్లెం బదులు చిప్పులుండే డిస్క్) తిరిగే భాగమే లేదు కాబట్టి అదే పని సెకనుకు వేల చోట్ల చేస్తుంది. డబ్బా మీద సెకనుకు 550 ఎంబీ అని కొట్టొచ్చినట్టు అచ్చేస్తారు గానీ, మనకు ఒరిగే మేలంతా ఈ చిల్లర వెతుకులాటలోనే ఉంది. అందుచేత మొదటి నియమం: డిస్క్ మార్చి చూడకుండా ఏ ల్యాప్‌టాప్‌నూ ముసలిదని తీర్మానించరాదు. "ఏడేళ్లు దాటింది, తీసేద్దాం" అనే వాదనను అసలు అనుమతించం. అదే వాదన ఆఫీసులో తమ మీద ఎవరైనా లేవదీస్తే ఎలా ఉంటుందో ఇంజనీరు గారు ఆలోచించుకోవాలి.

ర్యామ్ (తెరిచిన పనులను అప్పటికి పట్టి ఉంచే మెమరీ) విచారణ కూడా అదే పేజీలో. మెమరీ నొక్కితే ఎన్ని స్లాట్లు నిండాయో కనిపిస్తుంది. రెండింట్లో ఒకటే నిండితే కుర్చీ ఖాళీగా ఉన్నట్టు. ఫారం ఫ్యాక్టర్ దగ్గర సోడిమ్ అని ఉంటే విప్పి మార్చుకోవచ్చు. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేసేశారు, ఏడడుగులు నడిచేసినట్టే. డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్3 గానీ డీడీఆర్5 గానీ కూర్చోదు; ఇవి ర్యామ్ తరాలు, గాటు స్థానాలే వేరు. "కొంచెం నొక్కితే దిగుతుంది" అనే ఆశావాదులు స్లాట్ విరగ్గొట్టి మదర్‌బోర్డు దుకాణం దాకా వెళ్తుంటారు. 2400 వేగం కోరే ప్రాసెసర్‌కు 3200 ర్యామ్ వేస్తే అది 2400 దగ్గరే నడుస్తుంది. నష్టం లేదు, గొప్ప చెప్పుకోవడానికీ లేదు. ఉన్న 4 జీబీకి 8 జీబీ జోడించినా పని చేస్తుంది, జోడు కుదిరిన 8 జీబీ వరకు రెండు దారుల్లో వేగంగా, మిగతాది ఒక్క దారిలో నెమ్మదిగా. బ్రౌజర్‌లో నలభై ట్యాబ్‌లు తెరిచి ఉంచే అలవాటుకు మాత్రం ర్యామ్ కంపెనీలు ఇంకా మందు కనిపెట్టలేదు. పైగా 2025 చివరి నుంచి మెమరీ ధరలు భగ్గుమన్నాయి, ఏఐ డేటా సెంటర్లు చిప్పులను గంపగుత్తగా ఎత్తుకుపోతున్నాయి మరి.

సరుకు కోసం ఎస్.పి. రోడ్డుకు వెళ్లాలి. పోలీసు సూపరింటెండెంటు గారితో దానికి సంబంధం లేదు, అది సాదర్ పత్రప్ప రోడ్డు, టౌన్‌హాల్ దగ్గర. అక్కడ మోడల్ పేరు చెప్పి నిలబడకండి, ఒకే మోడల్ పేరుతో మూడు రకాల బోర్డులు వస్తాయి. పాత ముక్కనే విప్పి పట్టుకెళ్లండి. ఎం.2 స్లాట్ (సన్నటి ఎస్ఎస్‌డీ ముక్క దిగే గాడి) ఉందని సంబరపడేముందు అది పాత పద్ధతి సాటానా, కొత్త వేగమైన పద్ధతి ఎన్‌వీఎంఈనా అని సర్వీసు మాన్యువల్‌లో చూడండి. సాటా మాత్రమే తెలిసిన స్లాట్‌లో ఎన్‌వీఎంఈ ముక్క చక్కగా దిగిపోవచ్చు, విండోస్ కంటే ముందే లేచే ప్రోగ్రాము బయోస్‌కు మాత్రం కనిపించదు. పొడవు కూడా ముఖ్యమే: 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. 2242 కోసం బిగించిన స్క్రూ దగ్గర అది పట్టదు. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. లేకుంటే మూడేళ్ల వారంటీ అంగడి గుమ్మం దాటగానే ముగుస్తుంది.

విప్పేముందు, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల కీని కాగితం మీద రాసుకోవాలి. "మా దాంట్లో బిట్‌లాకర్ లేదు" అనేవాళ్లు మరీ ముఖ్యంగా రాసుకోవాలి. అడుగున రబ్బరు కాళ్ల కింద కూడా స్క్రూలు దాక్కుంటాయి. అడుగు మూత తెరవగానే మొదట పీకాల్సింది బ్యాటరీ కనెక్టర్. స్క్రూలను తీసిన చోటే గుర్తు వేసిన కాగితంలో గుచ్చిపెట్టండి. పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే అవతలివైపు కీబోర్డు పక్కన మొటిమ లేస్తుంది. డిస్క్ చెడిపోతూ ఉంటే క్లోనింగ్ (డిస్క్‌ను ఉన్నదున్నట్టు కొత్తదానికి ఎక్కించడం) జోలికి పోవద్దు, ఫోటోలు కాపీ చేసుకుని విండోస్ కొత్తగా వేసుకోవడమే మేలు.

పొడిగింపు నిరాకరించాల్సిన సందర్భాలూ ఉన్నాయి. టచ్‌ప్యాడ్ ఉబ్బి క్లిక్ పడకపోతే, ల్యాప్‌టాప్ బల్ల మీద ఊగుతుంటే బ్యాటరీ పొంగిందన్నమాట. ఛార్జింగ్ తక్షణం ఆపాలి, గుచ్చి గాలి తీసే శస్త్రచికిత్స చేయరాదు. అయినా ఇది మార్చుకోదగ్గ రోగమే. మూత కీలు విరగడం అలా కాదు. ప్లాస్టిక్‌లో కరిగించి దించిన ఇత్తడి నట్లు ఊడొస్తే ఎం-సీల్ పెట్టినా ఆర్నెల్లే. కవరు మొత్తం మార్చాలి, ఆ కవరు దొరకాలి. ఇక విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 (రహస్య తాళాలు దాచే భద్రతా ఏర్పాటు) కావాలి, ప్రాసెసర్ ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే. "మాది ఐ7 అండీ" అంటే గోత్రం చెప్పినట్టు, వయసు చెప్పినట్టు కాదు. ఐ5-7200యూ ఏడో తరం, ఐ5-8250యూ ఎనిమిదో తరం. టీపీఎం లేదని చూపిస్తే బయోస్‌లోకి వెళ్లి చూడండి; ఇంటెల్‌లో పీటీటీ అనే పేరుతో, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో నిద్రపోతూ ఉండొచ్చు.

మన ఇంజనీరు గారిది ఐ5-8250యూ. ర్యామ్ స్లాట్ ఒకటి ఖాళీ. కీళ్లు గట్టివి. డిస్క్ ఒక్కటే దోషి. రికార్డులన్నీ పరిశీలించి, పొడిగింపు ఉత్తర్వు మీద సంతకం పెట్టబోతుండగా దసరా సేల్ వచ్చింది. వడ్డీ లేని ఈఎంఐలో ఆయన కొత్తది కొనేశారు. (ఆ లేని వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు కార్డు బిల్లులో వచ్చాయి.) కొత్తది సన్నగా, అందంగా ఉంది. ర్యామ్ 8 జీబీ, బోర్డుకే సోల్డర్.

పాతదాన్ని ప్రొద్దుటూరు బస్సులో నాన్నగారికి పంపించారు. ఆయన ట్రెజరీలో ముప్పై మూడేళ్లు చేసి రిటైరైన మనిషి. వారం తిరక్కుండా ఫోను చేశారు.

"ఒరే, సెంటర్లో పిల్లోడు ఏదో ఎస్ఎస్‌డీ అంట, వేసిచ్చినాడు. స్విచ్చేస్తే పదిహేను సెకన్లకు లేస్తాంది. నీ కొత్తది ఎంతసేపట్లో లేస్తాదిరా?"

"అంతే నాన్నా. పదిహేను."