తాళం చెవి ముందు, కూల్చివేత తర్వాత

హైదరాబాద్‌లో మూసీ పొంగితే ముందు మునిగేవి చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ బస్తీలే. 2025 సెప్టెంబరు చివర్లో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల గేట్లెత్తినప్పుడు ఎంజీబీఎస్ బస్టాండు ప్రాంగణంలోకీ నీళ్లొచ్చాయి. అందుకే నదిగర్భంలోని ఇళ్లు కూల్చి అక్కడివారిని వేరేచోటికి తరలించాలంటోంది ప్రభుత్వం. నదిగర్భంలో కాపురాలు ప్రమాదమన్న మాటతో మాకు పేచీ లేదు. అక్కడున్నవారిలో చాలామంది పేద ముస్లింలు, దళితులు. వారిని ఎలా లెక్కిస్తారు, ఏ భాషలో చెబుతారు, ఎక్కడికి పంపుతారు అన్నదే మా ప్రశ్న.

2024లో ఆ గోడల మీద ఎర్రరంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని ఇంగ్లీషు అక్షరాలు రాశారు. ఆర్‌బీ అంటే రివర్‌బెడ్, అంటే నదిగర్భం. ఎవరైనా విడమరిచి చెబితే తప్ప ఆ ఇంటివాళ్లకు అర్థమయ్యే రాత కాదది. 2017 నుంచి ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష. తెలుగు, ఉర్దూల్లో రాసిన నోటీసు, ఏ గీత వరకు ఖాళీ చేయాలో చూపే పటం ఇంటింటికీ అందాలి. మసీదు, గుడి, అంగన్‌వాడీ గోడలపైనా అతికించాలి.

సర్వే దగ్గరే అసలు అన్యాయం మొదలవుతుంది. ఒక్క ఇంటి నంబరు కింద ముగ్గురు అన్నదమ్ములు వేరుపొయ్యిలు పెట్టుకుని ఉంటారు, పైన రేకుల గదిలో కిరాయికి ఇంకో కుటుంబం. నంబరుకో ఇల్లు చొప్పున ఇస్తే మిగతావారంతా రోడ్డున పడతారు. సిబ్బంది పగలు వెళ్తే అందరూ కూలికి పోయి ఉంటారు. ‘డోర్ లాక్’ అని రాసుకున్న ఇల్లు జాబితాలోకే ఎక్కదు. అందుకే సర్వే సాయంత్రాలు, ఆదివారాలు జరగాలి. పొయ్యిని బట్టి కుటుంబాన్ని లెక్కించాలి.

2013 భూసేకరణ చట్టం ప్రకారం పట్టణంలో సేకరించే భూమిలో మూడేళ్లకు పైగా నివాసమున్న కుటుంబమూ పునరావాసం దక్కాల్సిన బాధిత కుటుంబమే. అయితే నదిగర్భం సర్కారు భూమి, వీళ్లు ఆక్రమణదారులు అనగానే అది సేకరణే కాదంటారు, ఆ రక్షణ మొత్తం ఎగిరిపోతుంది. కరెంటు బిల్లు, ఓటరు కార్డు, పిల్లల బడి రికార్డులతో నివాసం రుజువైన ప్రతి కుటుంబానికీ అదే చట్టం స్థాయి పునరావాసం ఇస్తామని ప్రభుత్వం జీవో ఇవ్వాలి.

దూరం సంగతి ఇంకా ముఖ్యం. పొద్దున్నే నాలుగిళ్లలో పని చేసే మహిళను శివారు డబుల్ బెడ్‌రూం కాలనీకి పంపితే ఆటోలకే సగం సంపాదన పోతుంది. ఉర్దూ మీడియం పిల్లవాడికి అక్కడ బడి దొరకడం కష్టం. ఇప్పటికే తరలించిన కొన్ని మూసీ కుటుంబాలకు దగ్గర్లోని మలక్‌పేట పిల్లిగుడిసెలులోనే ఇళ్లిచ్చారు. దగ్గర్లో ఇవ్వడం సాధ్యమేనని అప్పుడే తేలింది.

రాజ్యాంగంలోని 243-జెడ్‌ఈ అధికరణం, నగర అభివృద్ధి ప్రణాళిక ముసాయిదా తయారుచేసే మహానగర ప్రణాళికా కమిటీలో కనీసం మూడింట రెండొంతుల మంది ఎన్నికైన ప్రతినిధులే ఉండాలంటోంది. మూసీ బస్తీలకైనా, నగరం చెత్త మోస్తున్న జవహర్‌నగర్‌కైనా ముసాయిదా దశలోనే మాట చెల్లే చోటు ఆ కమిటీయే.

సర్వే జాబితా బస్తీలోనే ప్రదర్శించి, అభ్యంతరాలకు 30 రోజులివ్వాలి. ప్రతి అభ్యంతరానికీ రాతపూర్వక జవాబు, ప్రతి కుటుంబం చేతిలో భార్యాభర్తలిద్దరి పేరిట పట్టా, కొత్త ఇంటి తాళం చెవి ఉన్నాకే కూల్చివేత తేదీ ప్రకటించాలి.