పాలలో నానిన బ్రెడ్డు ముక్కకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ బ్రెడ్డు ముక్క గారికి,

విశాఖపట్నంలో ఏ ఇంటికి కుందేలు పిల్ల వచ్చినా ఎదురెళ్లి స్వాగతం పలికేది తమరే. చిల్లులు పొడిచిన అట్టపెట్టె, అందులో గుప్పెట్లో పట్టే పిల్ల, పక్కన స్టీలు ప్లేటు, అందులో ప్యాకెట్ పాలు పీల్చి ఉబ్బిన తమరు. అమ్మినవాడు నెలన్నర పిల్లంటాడు. చూస్తే మూడు వారాలు దాటినట్టుండదు.

ముందు మీ పాల సంగతి. కుందేలు పాలలో కొవ్వు సుమారు 12 శాతం, లాక్టోజ్ అనే పాల చక్కెర 2 శాతం లోపే. మీరు నానిన పాలలో కొవ్వు మూడు నాలుగు శాతం, లాక్టోజ్ దాదాపు 5. పైగా తల్లి పాల కొవ్వులో క్రిముల్ని అణిచే కాప్రిలిక్, కాప్రిక్ ఆమ్లాలుంటాయి. పెద్ద కుందేలు పొట్టలో పీహెచ్ (ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 1–2 ఉంటుంది, వచ్చిన క్రిమి అక్కడే చస్తుంది. పిల్ల పొట్టలో అది 5 పైనే, కాబట్టి అన్నాళ్లూ కాపలా కాసేది ఆ ఆమ్లాలే. తమరు వస్తూనే కాపలావాణ్ణి ఇంటికి పంపించేశారు.

ఇక తోడు సంగతి. తల్లి రోజుకొక్కసారి, మూడు నాలుగు నిమిషాలు పాలిచ్చి వెళ్లిపోతుంది. వెళ్తూ గూట్లో నాలుగు గట్టి పెంటికలు వదులుతుంది, పిల్లలు వాటిని కొరుకుతాయి. చీ అనకండి. నిన్నటి పెరుగు చెంచాడు వేస్తేనే కదా ఇవాళ్టి పాలు తోడుకునేది! అంధనాళంలో, అంటే పెద్దపేగు మొదట్లో మేత పులిసే సంచిలో, పులియబెట్టే బ్యాక్టీరియా చేరే దారుల్లో అదొకటి. మూడో వారంలో పిల్ల మేత కొరకడం మొదలుపెడుతుంది, నాలుగో వారంలో అంధనాళం నుంచి బయటికొచ్చే తన మెత్తటి ముద్దలు తానే తింటుంది. లోపల పులుపూ నెమ్మదిగానే ఎక్కుతుంది: రెండు వారాలప్పుడు పీహెచ్ 6.8 దగ్గర, ఏడు వారాలకు 5.6 దగ్గర. పులిసినప్పుడు పుట్టే ఆమ్లాల్లో మొదట్లో బ్యుటిరేట్ కంటే ప్రొపియోనేట్ ఎక్కువ, మేత మరిగాక ఆ వరస తిరగబడుతుంది. అంటే మీరు వచ్చి పడ్డది పిండి ఇంకా పొంగని గిన్నెలో.

మీలోని స్టార్చిని, అంటే పిండిపదార్థాన్ని, అరిగించే ఎంజైము ఈ వయసులో ఇంకా తగినంత ఊరదు. అరగని మీరు తిన్నగా అంధనాళంలోకి జారతారు. పీచు మీలో ఉంటేగా పేగు కదలడానికి! ముతక పీచు తగిలితేనే పెద్దపేగు ఊగి, సన్నటిది వెనక్కి, ముతకది బయటికి పంపుతుంది. ఆ కదలిక ఆగితే లోపలి సరుకు నిలవుండిపోతుంది, క్లాస్ట్రిడియం స్పైరోఫార్మి లాంటి చెడ్డ బ్యాక్టీరియా పెరిగి విషం కక్కుతాయి. మే నెల విశాఖ ఉక్కలో ఇడ్లీపిండి రాత్రంతా బయట వదిలేస్తే ఏమవుతుందో తెలుసుగా? పిండైతే పారబోయొచ్చు.

గుర్తులివి: మేత ముట్టదు, వీపు గూనిలా పెట్టి పళ్లు కొరుకుతుంది, పొట్ట బిగుస్తుంది, గుండ్రటి పెంటికల బదులు నీళ్లో జిగురో వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోవచ్చు. అప్పుడు మందుల షాపు నుంచి మీ మిత్రులు అమోక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ చుక్కలు వస్తారు. నోటి ద్వారా ఇస్తే ఉన్న మంచి బ్యాక్టీరియా కూడా ఊడ్చుకుపోతుంది. లింకోమైసిన్ కూడా అంతే.

మీ స్థానంలో రావాల్సినవి: రోజంతా ఎండుగడ్డి, కడిగి ఆరబెట్టిన గరిక కొద్దికొద్దిగా, ఎప్పుడూ నీళ్లు. వరిగడ్డి ఒక్కటే చాలదు, అందులో ప్రోటీన్ తక్కువ. దాణా మార్చాలంటే వారం పది రోజులు పాతది కలుపుతూ మార్చాలి. ఉక్క రోజుల్లో నీడ, గాలి తప్పనిసరి, వేడికి మేత మానేస్తే లోపలి బ్యాక్టీరియాకూ పస్తే. ఏడెనిమిది వారాలు నిండని పిల్లను కొనకూడదు. పాలు మరవని పిల్ల వచ్చేసిందా, తల్లి దగ్గరికి తిరిగి పంపాలి. కుదరకపోతే కుందేళ్లు తెలిసిన పశువైద్యుడి దగ్గరికి.

తమరు నిరుద్యోగులైపోతారని బెంగ వద్దు. పొద్దుటి టీ ఉంది కదా.

ఇట్లు,
మర్నాడు అట్టపెట్టె కడిగేవాళ్లు