పువ్వు ఫోటో ఒక్కటే పెట్టి "ఇదేం తీగ అండీ?" అంటే ఎలా?

గరాటా ఆకారంలో పువ్వు కనబడితే చాలు, మన మిద్దె తోటల వాళ్ళు "మార్నింగ్ గ్లోరీ" అనేస్తారు. అల్లమండాకీ అదే పేరు, నీలి థన్‌బెర్జియాకీ అదే పేరు. ఆఖరికి శంఖుపుష్పానికి కూడా! చిక్కుడు జాతి అని దాని కాయలే చెబుతున్నా వినరు. పేరు తప్పు చెబితే కొంపలేం మునిగిపోవు, నిజమే. కానీ ఇప్పుడు ఆ పేరు మీద వ్యాపారం నడుస్తోంది. నా కోపమంతా అక్కడే.

మొన్న ఆన్‌లైన్‌లో ఒకాయన "రేర్ పింక్ బుష్ మార్నింగ్ గ్లోరీ" అని కొమ్మలు అమ్ముతున్నాడు. ఫోటో చూద్దును కదా, లొట్టపీసు! కాలువ గట్ల మీద, చెరువుల్లో, రైలు పట్టాల పక్కన కావలసినంత ఉంటుంది కదా, అదే. తమాషా ఏమిటంటే "రేర్" అన్నది తప్పిస్తే ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. లొట్టపీసు కూడా మార్నింగ్ గ్లోరీల ప్రజాతి ఐపోమియాలోదే, శాస్త్రీయ నామం ఐపోమియా కార్నియా. అమెరికా ఖండం నుంచి వచ్చి మన చెరువుల్లో తిష్ఠ వేసింది. మేకలు అదే పనిగా తింటే నరాల జబ్బుతో తూలి పడతాయి. దానికి కొరియర్ చార్జీలు అదనం!

పువ్వు రంగు చూసి రకం తేల్చడం కుదరదండీ. ముందు ఆకులు చూడండి. ఎదురెదురుగా జతలుగా ఉంటే థన్‌బెర్జియా, గుంపులుగా కణుపు చుట్టూ ఉంటే అల్లమండా. ఒకటి విడిచి ఒకటి వస్తూ, మొగ్గ గొడుగు మడిచినట్టు మెలి తిరిగి ఉంటే అప్పుడు మార్నింగ్ గ్లోరీ వైపు వెళ్ళొచ్చు. ఆ తర్వాత అసలు గుట్టు పువ్వు వెనకాల ఉంటుంది. అక్కడి పచ్చని రక్షకపత్రాలు సన్నగా పొడుగ్గా సాగి, మొదలు దగ్గర నూగు ఉంటే ఐపోమియా నిల్. పొట్టిగా ఉండి నూగు ఉంటే పర్‌ప్యూరియా. నున్నగా ఉంటే ట్రైకలర్. ఇంకా అనుమానంగా ఉంటే కాయ ఎండేదాకా ఆగండి. ట్రైకలర్ కాయలో రెండు గదులే, గింజలు నాలుగుకు మించవు. మిగతా రెండింటిలో మూడు గదులు, ఆరు గింజల దాకా ఉంటాయి. అందరూ ఎగబడే "హెవెన్లీ బ్లూ" ఈ ట్రైకలర్‌లోదే. దాని మొగ్గ ఎర్రటి ఊదాగా ఉండి, విచ్చుకునేసరికి ఆకాశనీలం అవుతుంది. రేకు కణాల్లో పీహెచ్ (పులుపు-క్షారాల కొలత) 6.6 నుంచి 7.7కి పెరగడమే దానికి కారణం. అయినా మనవాళ్ళు మొగ్గ ఫోటో తీయరుగా!

ఇక జపాన్ గింజల గోల. చీలిన రేకులు, ముద్ద పూలు, చారలు, బోలెడు ఫోటోలు, ప్యాకెట్లో నాలుగైదు గింజలు. ఆ మొక్కల చరిత్ర నిజంగా గొప్పది. చైనా నుంచి విరేచనాల మందుగా వెళ్ళిన ఐపోమియా నిల్‌ను జపాన్ వాళ్ళు అసగావో అని పెంచుకున్నారు. 1804-1830 మధ్య ఒకసారి, 1848-1860 మధ్య మరోసారి వింత రకాల కోసం జనం వెర్రెత్తిపోయారు. జన్యువుల మధ్య గెంతే ట్రాన్స్‌పోజాన్లు అనే డీఎన్ఏ ముక్కల వల్ల ఆ వింతలు పుడతాయి. అయితే అమ్మేవాళ్ళు చెప్పని సంగతి ఒకటుంది. బాగా వింతగా ఉండే రకాలు చాలావరకు గొడ్డువి, గింజ కట్టవు. వాటి తోబుట్టువులు, చూడ్డానికి మామూలుగా ఉండేవి, లోపల ఆ లక్షణం దాచుకుని గింజలిస్తాయి. అలాంటి గింజలు వేస్తే నాలుగింట ఒకటి వింతగా రావచ్చు. రెండు లక్షణాలు ఒకే మొక్కలో కలవాలంటే పదహారింట ఒకటి. అందుకే అక్కడి పెంపకందార్లు గింజలు ఎక్కువగా వేసి, మొలకలో మొదట వచ్చే రెండాకుల (బీజదళాల) ఆకారం చూసి ఏవి ఉంచాలో తేల్చుకుంటారు. నాలుగు గింజలతో మనకేం వస్తుంది? మామూలు నీలం పువ్వు. అప్పుడు "మీ మట్టి మంచిది కాదు మేడం" అంటారు.

నిజంగా అరుదైనది పెంచాలని ఉంటే క్లోవ్ బీన్స్ వేసుకోండి. ఐపోమియా మ్యూరికాటా. కేరళలో నిత్యవళుతన అంటారు. సాయంత్రం లేత ఊదా పువ్వు పూస్తుంది, పువ్వు కింద కాడ ఉబ్బి కండ పడుతుంది. దాన్ని లేతగా ఉన్నప్పుడే కోసి వేపుడు చేసుకోవచ్చు. ఇదే తీగను "పర్పుల్ మూన్‌ఫ్లవర్" అని రెట్టింపు ధరకి అమ్మేవాళ్ళూ ఉన్నారు. అసలు మూన్‌ఫ్లవర్ ఐపోమియా ఆల్బా. దానిది పెద్ద తెల్లటి పువ్వు, మంచి వాసన. అది కూడా చీకటి పడ్డాకే విచ్చుకుంటుంది. కూర కాడల వరకే, గింజలు మాత్రం ఏ మార్నింగ్ గ్లోరీవీ నోట్లో పెట్టుకోకండి. ట్రైకలర్ గింజల్లో ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందుకి దగ్గర చుట్టమైన రసాయనం ఉంది. పిల్లలున్న ఇంట్లో డబ్బా పైన పెట్టండి.

పెంచడంలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. గింజ పెంకు గట్టిది. నెయిల్ కట్టర్‌తో కొంచెం గీరి, రాత్రంతా నానబెట్టి, నేరుగా పెంచే కుండీలోనే వేయండి. వేరు కదిపితే అలుగుతుంది. పేడ ఎరువు, వేపపిండి దండిగా వేస్తే తీగ అటక దాకా పాకుతుంది గానీ మొగ్గ వేయదు. ఇంకొకటి, ఐపోమియా నిల్ రాత్రి పొడవును బట్టి పూస్తుంది. బాల్కనీ ముందు వీధి దీపం తెల్లవార్లూ వెలుగుతుంటే మొగ్గలు ఆలస్యం కావచ్చు. మందులు కొట్టే ముందు కుండీ చీకటి వైపు జరిపి చూడండి.

చివరగా, అయిదు వేళ్ళుగా చీలిన ఆకుతో ఊదా పూలు పూసే రైల్వే క్రీపర్, ఏడాది పొడవునా నీలంగా పూసే ఐపోమియా ఇండికా. ఈ రెండూ పాకిన చోటల్లా కణుపు దగ్గర వేరు దించుతాయి. ఆస్ట్రేలియాలో వీటిని కలుపు మొక్కలుగా పీకుతున్నారు. కుండీలో అయితే మీ ఇష్టం, నేలలో మాత్రం వద్దు. ఎవరైనా "కొమ్మలు ఫ్రీగా ఇస్తాం, ఎన్ని కావాలంటే అన్ని తీసుకెళ్ళండి" అని పోస్టు పెడితే, అన్ని కొమ్మలు వాళ్ళ దగ్గర ఎందుకున్నాయో ముందు అడగండి.