తాత్కాలిక అతుకు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ తాత్కాలిక అతుకు గారికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ నక్షత్రాలన్నీ క్షేమం. వాటి వర్ణపటాలను విశ్లేషించే కోడ్‌లో, ఎవరూ తెరిచి చూడని ఒక ఫైలులో, సాఫ్ట్‌వేర్ లోపాన్ని అప్పటికి సర్దడానికి రాసిన పంక్తి అయిన తమరూ క్షేమమేనని తెలిసింది. ‘తరువాత తీసేయాలి’ అని మీ నెత్తిన రాసిన వ్యాఖ్య కూడా చెక్కుచెదరలేదట. అది రాసిన పరిశోధక విద్యార్థి డాక్టరేటు పుచ్చుకుని ఈ రంగాన్నే వదిలి వెళ్లిపోయారు. పదవీ విరమణ లేనిది మీకొక్కరికే.

మీ పుట్టుకకు కారణం సబబైనదే, కాదనను. దృశ్యకాంతి తరంగదైర్ఘ్యాలను గాలిలోని విలువలతో రాయడం పాత ఆనవాయితీ. నక్షత్రాలనూ గెలాక్సీలనూ నమోదు చేసే స్లోన్ డిజిటల్ స్కై సర్వే వర్ణపటాలేమో శూన్యంలోని విలువలతో వస్తాయి. వర్ణపటంలో హైడ్రోజన్ వేసే ఆల్ఫా రేఖ గాలిలో 6562.8 ఆంగ్‌స్ట్రామ్‌ల (మీటరులో వెయ్యి కోట్లవ వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్) దగ్గర ఉంటే, శూన్యంలో 6564.6 దగ్గర ఉంటుంది. ఆ రోజుల్లో మా సాఫ్ట్‌వేర్ గాలి లెక్కనే శూన్యం లెక్క అనుకుని ముందుకు సాగిపోయేది. అందుకని మిమ్మల్ని నియమించారు. ఒకే పంక్తి, ఒకే గుణకారం. కొన్నాళ్లకు ఆ బగ్‌ను సాఫ్ట్‌వేర్ కర్తలే సరిదిద్దారు. కొత్త కూర్పు గాలి నుంచి శూన్యానికి తనే మార్చుకుంటోంది. ఆ కబురు మీకు అందలేదు. మారినదాన్ని మీరు మళ్లీ మార్చారు.

1.8 ఆంగ్‌స్ట్రామ్‌లేగా అని తీసిపారేయకండి. రేఖ పెద్ద తరంగదైర్ఘ్యం వైపు జరిగితే నక్షత్రం దూరమవుతున్నట్టు లెక్క; ఆ జరుగుడును వేగంలోకి మారిస్తే సెకనుకు 80 కిలోమీటర్ల పైమాటే. సూర్యుడి చుట్టూ భూమి పరుగే దాదాపు 30. మీ చలవతో, కదలకుండా ఉన్న నక్షత్ర గుచ్ఛం ఒకటి మన నుంచి పారిపోతోంది. అందులోని నక్షత్రాలన్నీ సమానంగా పారిపోతున్నాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పైగా ఆ పరుగుకు కారణం చెప్పే సిద్ధాంతం కూడా తయారవుతుంది.

మీ బంధువర్గాన్నీ పలకరించకపోతే బాగుండదు. ఖగోళ చిత్రాలను దాచే ఫిట్స్ ఫైళ్లలో తొలి పిక్సెల్ సంఖ్య 1, మేం కోడ్ రాసే పైథాన్ భాషలో సున్నా. ఆ తేడాను సర్దడానికి ‘మైనస్ 1’ అనే మీ తమ్ముడు వెలిశాడు. పక్క ఫైలులో ఇంకో తమ్ముడు కూడా ఇంకో ఒకటి తగ్గిస్తున్నాడని అతనికి తెలియదు.

మీ అన్నగారంటే మాత్రం నాకు గౌరవం. మసక గెలాక్సీల అభివాహాలు, అంటే మనకు చేరే కాంతి కొలతలు, మేం వాడే ప్రమాణాల్లో 10 ఘాతం మైనస్ 17 స్థాయిలో ఉంటాయి. అంత చిన్న అంకెలు అందించేసరికి, మన తొలి ఊహతో మొదలుపెట్టి కొలతలకు సరిపడే వక్రరేఖను వెతికే కొన్ని ప్రోగ్రాములు, తేడా ఎలాగూ సున్నాయే అనుకుని మొదటి అడుగులోనే చతికిలబడతాయి. మనమిచ్చిన ఊహనే తిరిగి మన చేతిలో పెట్టి, పైన ‘విజయవంతం’ అని ముద్ర వేస్తాయి. అన్నగారు అన్నింటినీ 10 ఘాతం 17తో గుణించి పని జరిపిస్తారు. చివర్లో భాగించడం మరిచారంటే ఆ గెలాక్సీ పున్నమి చంద్రుణ్ణి మించి వెలుగుతుంది. అప్పుడైనా ఎవరో ఒకరు ఉలిక్కిపడతారు. మీ కుటుంబంలో తప్పు చేస్తే దొరికిపోయే పెద్దమనిషి ఆయన ఒక్కరే.

పెదనాన్నగారి సంగతి వేరు. డిటెక్టర్ మీద కాస్మిక్ కిరణాలు వేసే మచ్చలను తొలగించే నెపంతో, చుట్టుపక్కలకన్నా ఎత్తుగా లేచిన ప్రతి శిఖరాన్నీ నరకడం ఆయన వృత్తి. 5007 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గరి ఆకుపచ్చ రేఖను 1864లో ఖగోళ శాస్త్రవేత్త విలియం హగిన్స్ ఒక నీహారికలో చూశారు. భూమి మీద దానికి జోడీ దొరకక ‘నెబ్యులియం’ అనే కొత్త మూలకాన్నే ఊహించారు. అది రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఆక్సిజన్ అని 1927లో భౌతిక శాస్త్రవేత్త ఐరా బోవెన్ తేల్చారు. 63 ఏళ్లు నలిగిన ఆ చిక్కును పెదనాన్నగారు రెప్పపాటులో విప్పేశారు. ఆయన లెక్కలో అసలు ఆ రేఖే లేదు.

కొలత లేని చోటల్లా సున్నా నింపే మేనల్లుడి గురించి ఏమీ చెప్పను. అతను పుట్టించిన శోషణ రేఖలకు, అంటే వర్ణపటంలోని చీకటి గీతలకు, తగిన మూలకపు గడి ఆవర్తన పట్టికలో ఇంకా ఖాళీగానే ఉంది.

మిమ్మల్ని తీసేస్తే పోలేదా అని కొత్తగా చేరినవారు ఉత్సాహపడతారు. ఎలా తీస్తారు? మీ తప్పును నమ్ముకుని కింద మరో రెండు అతుకులు బతుకుతున్నాయి. ఒకరు ఎడమకు లాగితే ఒకరు కుడికి లాగుతూ, మొత్తానికి జవాబును మధ్యలో నిలబెడుతున్నారు. ఒక్కరు తప్పుకున్నా అందరూ పడతారు. అందుకే మా దగ్గర పాత కూర్పుల మీద ఎవరూ చెయ్యి వేయరు. 1980లలో పుట్టిన ఐరాఫ్ అనే ఖగోళ విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌ను నిర్మించిన సంస్థే 2013 నాటికి దాని పోషణ మానుకుంది. అయినా స్వచ్ఛంద సేవకులు దాన్ని ఇప్పటికీ నడిపిస్తున్నారు.

కాబట్టి ఒక రాజీ మార్గం. రాత్రి ఆకాశంలోని ఆక్సిజన్ మనం అడగకుండానే ఒక రేఖను వెలిగిస్తుంది. గాలిలో దాని స్థానం 5577.3, శూన్యంలో 5578.9. ఆకాశపు నేపథ్యాన్ని తీసేయకముందు, భూమి వేగానికి సవరణ చేయకముందు, ఆ రేఖ ఎక్కడ నిలిచిందో చూస్తాను. 5578.9 దగ్గరుంటే మీ కొలువు పదిలం. 5580.4 దగ్గర కనిపించిందా, రెండో మార్పు మీదే. ఆ క్షణమే మీకు ఉద్వాసన.

ఇట్లు,
సెకనుకు 80 కిలోమీటర్ల వేగంతో మీకు దూరమవుతున్న
ఒక వినియోగదారు