నట్స్ డబ్బా గారికి నమస్కరించి రాయునది

మహారాజశ్రీ మిక్స్‌డ్ నట్స్ డబ్బా గారికి,

ఉభయకుశలోపరి. తమరు కుశలంగా ఉన్నట్టు రోజూ మూత తీసినప్పుడల్లా తెలుస్తూనే ఉంది. నా కుశలం సంగతి ఇందాకే ల్యాబ్ వాళ్ళు పీడీఎఫ్‌లో పంపించారు. హెచ్‌ఎస్-సీఆర్‌పీ, అంటే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోలోపలి వాపు) ఎంతుందో చెప్పే రక్తపరీక్ష, లీటరుకు 3.4 మిల్లీగ్రాములు. పక్కనే ఎర్రగా ‘హై’ అని. తమరితో పరిచయం కాకముందు ఇదే 2.1 ఉండేది. ఒకటిలోపు ఉంటే గుండెకు ముప్పు తక్కువ, ఒకటి నుంచి మూడు దాకా ఓ మోస్తరు, మూడు దాటితే ఎక్కువ అని వైద్యుల లెక్క. అంటే మధ్య తరగతిలో పడి ఉన్నవాణ్ణి, తమరి సాంగత్యంలో పై తరగతికి ప్రమోషన్ కొట్టేశాను.

డాక్టర్ గారు రిపోర్ట్‌ని పైనుంచి కిందికి చూసి అడిగిన మొదటి మాట, “ఈమధ్య జలుబేమైనా చేసిందా?” రుమాలు ఇంకా చేతిలోనే ఉంది, లేదని ఎలా అంటాను? “అయితే ఈ నంబర్‌ని పట్టించుకోకండి. పూర్తిగా తగ్గాక రెండు వారాలు ఆగి మళ్ళీ చేయించండి.” పొద్దున్నే పరగడుపున వెళ్ళి, టోకెన్ పట్టుకుని కూర్చుని, రక్తం ఇచ్చి, సాయంత్రం దాకా టెన్షన్ పడి నేను సాధించింది ఇదీ. “రోజూ నట్స్ తింటున్నాను కదండీ మరి” అన్నాను ఉండబట్టలేక. ఆయన నవ్వి, “తినండి, మంచివే” అన్నారు. ఆ నవ్వే నాకు నచ్చలేదు.

పాపం, తమరి ముందు అట్ట మీద ఏం రాసుందో ఆయనకు తెలియదు. ‘ఇన్‌ఫ్లమేషన్‌పై పోరాటం’ అని పెద్ద అక్షరాలు. దాని కింద ‘ఆక్సిడేటివ్ స్ట్రెస్‌కు చెక్’, అంటే ఆక్సిజన్ వల్ల పుట్టే చురుకైన అణువులు కణాలకు చేసే నష్టానికి అడ్డుకట్ట అని. ఆ కింద ‘మెటబాలిక్ ఆరోగ్యానికి అండ’. పక్కన ఒక డాలు బొమ్మ, డాలు మీద ఆకుపచ్చ ఆకు. యుద్ధానికి వెళ్తున్నంత హడావుడి. తీరా చూస్తే, ముక్కు కారే పాటి జలుబుకే డాలు కింద పడేసి వచ్చారు.

సీఆర్‌పీ అంటే ఏమిటో తమరికి తెలియదనుకోను. అయినా మనవి చేస్తాను. ఒంట్లో ఎక్కడ ఏ గొడవ జరిగినా ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి దూతలు వెళ్ళి కాలేయానికి కబురు చెబుతాయి. కాలేయం సీఆర్‌పీ తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ఆ గొడవ ముక్కులోనా, చిగుళ్ళలోనా, మోకాల్లోనా, పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వులోనా అన్న వివరం ఆ నంబర్‌లో ఉండదు. మామూలు ఇన్‌ఫెక్షన్‌కే చాలా రెట్లు ఎగబాకుతుంది. పది దాటితే ఇంకేదో కారణం ఉందని మళ్ళీ పరీక్ష చేయమంటారు. ఇంత చపలచిత్తం ఉన్న నంబర్‌ని రోజుకు గుప్పెడు గింజలతో లొంగదీస్తానని డబ్బా మీద అచ్చేయించుకోవడానికి ఎంత ధైర్యం కావాలి!

పోనీ, పరిశోధనలైనా తమరి వైపు ఉన్నాయేమోనని చూశాను. ఉన్నాయి కూడా. అదే అసలు చిక్కు. అమెరికాలో నర్సుల మీద, ఆరోగ్య రంగంలో పనిచేసే మగవాళ్ళ మీద దశాబ్దాలుగా సాగుతున్న రెండు పెద్ద పరిశీలనల్లో, వారానికి ఐదుసార్లో అంతకన్నా ఎక్కువో నట్స్ తినేవాళ్ళలో సీఆర్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-6 తక్కువగా ఉన్నాయని 2016లో తేలింది. బాగుంది. కానీ నట్స్ ఎక్కువ తినేవాళ్ళు ఎవరయ్యా అంటే, సిగరెట్ తక్కువ తాగేవాళ్ళు, వ్యాయామం ఎక్కువ చేసేవాళ్ళు, బరువు అదుపులో ఉన్నవాళ్ళు. లెక్కల్లో వీటన్నిటినీ సర్దుబాటు చేస్తారు నిజమే. అయినా ఆ మనుషుల మంచి అలవాట్లన్నీ పూర్తిగా చెరిపేసి తమరి ఒక్కరి పుణ్యాన్ని విడిగా తూచడం ఎవరి వల్లా కాదు.

మరి, కొందరికి నట్స్ పెట్టి కొందరికి పెట్టకుండా పోల్చిచూసిన ట్రయల్స్ మాటేమిటి? వాటన్నిటినీ కలిపి లెక్క కట్టినప్పుడు సీఆర్‌పీ పెద్దగా కదలదు. ఒక విశ్లేషణలో కాస్త తగ్గినట్టుంటుంది, ఇంకోదాంట్లో ఉన్నచోటే ఉంటుంది. తమరి పరువు కాపాడింది ఒక్క వాల్‌నట్ గారే. బార్సిలోనాలోనూ, కాలిఫోర్నియాలోని లోమా లిండాలోనూ ఆరోగ్యంగా ఉన్న పెద్ద వయసువాళ్ళకు రెండేళ్ళ పాటు రోజుకు 30 నుంచి 60 గ్రాముల వాల్‌నట్స్ పెట్టి, ఇన్‌ఫ్లమేషన్‌కు సంబంధించిన 10 పదార్థాలను రక్తంలో కొలిచారు. ఆరు తగ్గాయి. ఎంత? 3.5 నుంచి 11.5 శాతం. 2020లో వచ్చిన ఫలితం ఇది. నేను కాదనను, రెండేళ్ళు ఓపిగ్గా తిన్నవాళ్ళకు దండం. కానీ వాళ్ళు తిన్నది ఉత్త వాల్‌నట్స్ అండీ. తమరి డబ్బాలో వాల్‌నట్ ముక్క దొరకాలంటే వేలితో అడుగుదాకా కెలకాలి. దొరికింది కూడా అరచెక్క కాదు, విరిగిన మూల. దాని చుట్టూ ఉప్పు పొడి, వేరుశనగ పొట్టు.

ఇక ‘ఆక్సిడేటివ్ స్ట్రెస్‌కు చెక్’. ఇది రాసినవాడు తెలివైనవాడు. ఎందుకంటే నేను వెళ్ళి పరీక్ష చేయించుకుని నిలదీయడానికి మామూలు ల్యాబుల్లో దానికంటూ ఖాయమైన పరీక్షే లేదు. పట్టుబడే అవకాశం లేని చోట ఎన్ని మాటలైనా ఇవ్వొచ్చు. యాంటీఆక్సిడెంట్ల బలం ఇంతని ఓరాక్ స్కోర్ ఒకటి వెనక అట్ట మీద గొప్పగా వేశారు. ఆ అంకెల పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లోనే తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది. పరీక్ష గొట్టంలో వచ్చిన అంకెకూ మనిషి ఒంట్లో జరిగేదానికీ సంబంధం చూపలేకపోతున్నామనీ, కంపెనీలు దాన్ని ప్రచారానికి వాడుకుంటున్నాయనీ కారణం కూడా చెప్పింది. ఆ కబురు తమరి డబ్బా దాకా ఇంకా చేరలేదనుకుంటా.

అన్నట్టు, డబ్బా లోపల ఒక చిన్న తెల్ల పొట్లం ఉంది. ‘తినరాదు’ అని రాసి ఉంటుంది చూడండి, అది. అందులో ఇనుప పొడి. డబ్బాలో మిగిలిన ఆక్సిజన్‌ని అది పీల్చేసుకోకపోతే, వాల్‌నట్‌లోని కొవ్వులు ఆక్సిజన్‌తో కలిసి కనరెక్కిపోతాయి. నా ఒంట్లో ఆక్సిడేషన్‌ని అడ్డుకుంటానని డాలు పట్టుకుని నిలబడ్డవారికి తమ ఒంట్లో ఆక్సిడేషన్‌ని ఆపడానికి ఇనుప పొడి బాడీగార్డ్ కావాలి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. మూత సరిగ్గా పెట్టని ఒక వారం తరవాత నోట్లో వేసుకున్న వాల్‌నట్ చేదు, పాత నూనె వాసనా నాకింకా గుర్తున్నాయి.

క్యాలరీల దగ్గరా ఇదే తంతు. బాదం 28 గ్రాములకు 170 క్యాలరీల దాకా అని లేబుళ్ళు చెబుతాయి. 2012లో అదే అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు మనుషుల మీద కొలిచి చూస్తే 129 మాత్రమే ఒంటబట్టాయి. మనం ఎంత నమిలినా కొంత కొవ్వు కణాల గోడల మధ్యే ఉండిపోయి బయటికి పోతుంది. మంచిమాట చెప్పుకోవాల్సిన చోట నోరు మెదపరు, లేనిది చెప్పడానికి మాత్రం పెద్దక్షరాలు. తేనె పూత పూసిన తమరి తమ్ముడి గురించి నేను మాట్లాడను. మెటబాలిక్ ఆరోగ్యమట, తేనె పూతట.

ఇక మర్యాద చాలు. నువ్వు కూర్చుని విను.

నీకు ఇలాంటి లేఖ రాస్తున్నవాణ్ణి నేనే మొదటివాణ్ణి కాదు. 2010లో అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఒక వాల్‌నట్ కంపెనీకి హెచ్చరిక లేఖ రాసింది. ఇన్ని రోగాల పేర్లు చెప్పి అమ్ముతున్నారు కాబట్టి చట్టం ప్రకారం మీ వాల్‌నట్స్ మందుల కిందికి వస్తాయి, అనుమతి లేని మందుల కిందికి, అని. గింజను పట్టుకుని మాత్రవి అంది ప్రభుత్వం! అదే ఎఫ్‌డీఏ 2003లో నట్స్ గురించి ఒక వాక్యం రాసుకోనిచ్చింది. రోజుకు 1.5 ఔన్సులు, అంటే సుమారు 42 గ్రాములు, సంతృప్త కొవ్వు, కొలెస్ట్రాల్ తక్కువగా ఉన్న ఆహారంలో భాగంగా తింటే గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చని ఆధారాలు సూచిస్తున్నాయి, కానీ నిరూపించడం లేదు. ‘కానీ నిరూపించడం లేదు’ అన్న ముక్క ఆ వాక్యంలోనే ఉంది. ఆ ముక్క నీ డబ్బా మీద ఎక్కడుంది? భూతద్దం పెట్టి వెతికాను. బార్‌కోడ్ పక్కన కూడా లేదు. ఇంకో మాట, ఆ వాక్యం వేసుకునే అర్హత జీడిపప్పుకు లేదు. సంతృప్త కొవ్వు హద్దు దాటిందని పక్కన పెట్టారు. నీ బొమ్మలో మధ్యన కూర్చున్నది మాత్రం ఆ జీడిపప్పే.

నన్ను మండించేది ఇదే. నీకు అబద్ధం ఆడాల్సిన అవసరమే లేదు. చెప్పుకోదగ్గ నిజాలే నీ దగ్గర బోలెడున్నాయి.

నా రిపోర్ట్‌లో సీఆర్‌పీ కింద ఇంకో వరస ఉంది, కోపంలో మొదట చూడలేదు. ఎల్‌డీఎల్, అదే చెడు కొలెస్ట్రాల్, తగ్గింది. కొంచెమే, కానీ తగ్గింది. డాక్టర్ గారి “మంచివే” వెనక ఉన్నది బహుశా ఇదే. 2010లో 25 ట్రయల్స్‌ని కలిపి చూసినప్పుడు నట్స్ తిన్నవాళ్ళలో ఎల్‌డీఎల్ సుమారు 7 శాతం తగ్గింది. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వులు) ముందే ఎక్కువగా ఉన్నవాళ్ళలో అవీ తగ్గాయి. ఆ ట్రయల్స్‌లో సగటున రోజుకు తిన్నది 67 గ్రాములు, నువ్వు చెప్పే గుప్పెడు కాదు. స్పెయిన్‌లో ప్రెడిమెడ్ అని 7,447 మందితో జరిగిన ట్రయల్ ఉంది. మధ్యధరా ఆహారంతో పాటు రోజుకు 15 గ్రాముల వాల్‌నట్స్, 7.5 బాదం, 7.5 హేజల్‌నట్స్ తిన్న గుంపులో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి చూస్తే, కొవ్వు తగ్గించమని సలహా మాత్రమే పొందిన గుంపులో కన్నా 28 శాతం తక్కువ. అదే ట్రయల్‌లో మొదటి ఏడాది చూసినప్పుడు, మెటబాలిక్ సిండ్రోమ్ (పెద్ద పొట్ట, బీపీ, షుగర్, రక్తంలో కొవ్వుల తేడా లాంటివి కలిసి ఉండటం) ఉన్నవాళ్ళ సంఖ్య నట్స్ గుంపులో 13.7 శాతం తగ్గింది, సలహా గుంపులో 2 శాతమే. బరువు పెద్దగా తగ్గకుండానే.

ఆ ట్రయల్ వాళ్ళని చూసి నేర్చుకో. 2013లో అచ్చేసిన ఫలితాల్లో, కొన్ని చోట్ల మనుషుల్ని గుంపులుగా విడదీసిన పద్ధతి సరిగ్గా లేదని బయటపడింది. 2018లో ఆ పేపర్‌ని వెనక్కి తీసుకుని, లెక్కలు మళ్ళీ కట్టి, మళ్ళీ అచ్చేశారు. ఫలితం దాదాపు అదే వచ్చింది. పరువు పోతుందని దాచలేదు. నువ్వేమో 2012లో చెల్లకుండా పోయిన స్కోర్‌ని ఇంకా వీపున మోస్తున్నావు.

షుగర్ మీద నీ ప్రభావం ఉన్నా చాలా చిన్నది. సరే, ఒప్పుకో. నీ మీద జరిగిన పరిశోధనల్లో చాలావాటికి డబ్బు పెట్టింది గింజలు పండించేవాళ్ళ సంఘాలే. అదీ ఒప్పుకో, అంతమాత్రాన అన్నీ అబద్ధాలైపోవు. బిస్కెట్ల పక్కన కాకుండా బిస్కెట్లకు బదులుగా తిన్నప్పుడే నీ వల్ల ఉపయోగం. అది కూడా రాయి. పూటకో గుప్పెడు బిస్కెట్లు తిని, వాటి మీద ఉప్పు గింజలు కూడా పోసుకుంటే ఏ డాలూ ఆదుకోదు.

కాబట్టి తమరికి (చూశారా, కోపం కాస్త దిగింది) నా విన్నపం. ఆ డాలు బొమ్మ పీకేయండి. దాని చోట ఇలా అచ్చేయించండి: ‘ఎల్‌డీఎల్ కొంచెం తగ్గవచ్చు. చిరుతిండికి బదులుగా, ఉప్పూ తేనే లేకుండా, నెలల తరబడి తినాలి. సీఆర్‌పీ సంగతి హామీ ఇవ్వలేం. జలుబుకు సంబంధం లేదు.’ అమ్మకాలు పడిపోతాయని భయపడకండి. నేనైతే కొంటాను.

ఇట్లు,
రెండు వారాల తరవాత మళ్ళీ రక్తం ఇవ్వబోతున్న
తమరి ఖాతాదారుడు

తా.క.: డబ్బాలో సగానికి పైగా వేరుశనగలే ఉన్నాయి, బొమ్మలో మాత్రం ఒక్కటీ లేదు. దాచుకోవాల్సినంత తప్పు అదేం చేసింది? 2013లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో వేరుశనగలు తిన్నవాళ్ళకూ, బాదం, వాల్‌నట్ లాంటివి తిన్నవాళ్ళకూ మరణాల ముప్పు ఇంచుమించు ఒకేలా తగ్గినట్టు కనిపించింది. బొమ్మలో ముందు వరసలో దాన్ని కూర్చోబెట్టండి, జీడిపప్పుని వెనక్కి జరపండి.