భయానికి వేసిన ముద్ర

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వైమానిక దళంలో బాంబు దాడులు చేసే విభాగమైన బాంబర్ కమాండ్ తరఫున విమానాలెక్కినవారు సుమారు 1,25,000 మంది. అందులో 55,573 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. బలవంతాన ఎక్కించినవారు ఒక్కరూ లేరు, అందరూ తమంతట తాము పేరిచ్చినవారే. అలాంటివారిలో ఎవరైనా 'ఇక నావల్ల కాదు' అంటే 'నైతిక స్థైర్యం లేనివాడు' అని రికార్డుల్లో రాశారు. గుండెల మీది రెక్కల బ్యాడ్జీ పీకేశారు, హోదా తగ్గించారు. అది ఘోరమైన అన్యాయమని మేం భావిస్తున్నాం.

వాళ్లు ఏం చూసి ఆ మాట అన్నారో ఆలోచించాలి. చావు శిక్షణలోనే ఎదురొచ్చేది. యుద్ధానికి పనికిరాకుండా అరిగిపోయిన విమానాలనే నేర్చుకునే కుర్రాళ్లకు ఇచ్చేవారు. పొగమంచు, కొండలు, ఇంజిన్ల వైఫల్యం కలిసి శత్రువు కాల్పులతో పనిలేకుండానే 8,000 మందికి పైగా పొట్టనపెట్టుకున్నాయి. శిక్షణ మధ్యలో అందరినీ ఒక హ్యాంగర్‌లోకి పంపి, మీ జట్టు మీరే కట్టుకోండి అనేవారు. అప్పటిదాకా ముక్కూమొహం తెలియనివాళ్లు అలా ఒకరి ప్రాణం ఒకరి చేతిలో పెట్టుకున్నారు.

ఆ తర్వాత 30 దాడులు పూర్తిచేస్తేనే విశ్రాంతి. లాంకాస్టర్ విమానంలో ఏడుగురు. తోక చివర తుపాకులు బిగించిన చిన్న గది అయిన టరెట్‌లో గన్నర్ గడ్డకట్టించే చలిలో ఏడెనిమిది గంటలు ఒంటరిగా చీకట్లోకి చూస్తూ కూర్చోవాలి. బాంబులు వదిలాక కూడా, ఎక్కడ పడ్డాయో ఫొటో తీసేదాకా సుమారు అర నిమిషం పైలట్ విమానాన్ని పక్కకు తిప్పకూడదు. కింది నుంచి ఫిరంగులు పేలుతుంటే ఆ అర నిమిషం ఎంత పొడుగో! 1944 మార్చి 30 రాత్రి జర్మనీలోని న్యూరెంబర్గ్ మీదికి 795 విమానాలు వెళితే 95 తిరిగి రాలేదు. మర్నాడు ఆ బ్యారక్‌లలోని ఖాళీ మంచాల పక్కన నిద్రలేచినవాడికి భయం వేయకపోతే ఆశ్చర్యపోవాలి.

ఈ బాంబు దాడులకు గురైన జర్మన్ నగరాలు హాంబర్గ్, డ్రెస్డెన్‌లలో కాలిపోయిన పిల్లల్నీ తల్లుల్నీ మేం మరవలేదు. కానీ ఏ ఊరిని కాల్చాలో నిర్ణయించింది ఈ కుర్రాళ్లు కాదు.

ఈ కథతో మన గడ్డకూ బంధముంది. 1918లో నిజాం విమానాలిచ్చినందుకు బ్రిటన్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు పెట్టారు. బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే, 1939 సెప్టెంబర్ 4న, జర్మన్ నౌకలపై దాడికి ఆ దళం వెళ్లింది. ఆ దళానివీ, 107వ స్క్వాడ్రన్‌వీ కలిపి పది బ్లెన్‌హైమ్ విమానాల్లో ఐదు కూలిపోయాయి.

మొదటి ప్రపంచ యుద్ధంలో పిరికితనం, పరారీ వంటి నేరాల పేరిట కాల్చి చంపిన 306 మంది సైనికులకు బ్రిటన్ 2006లో క్షమాభిక్ష పెట్టింది. అదే చొరవ బాంబర్ కమాండ్ రికార్డుల విషయంలోనూ చూపాలి. 'నైతిక స్థైర్యం లేనివాడు' అన్న ఆ మూడు మాటల్ని ఆ పేర్ల పక్కనుంచి కొట్టివేయాలి.