సియాహనామాలో గడి లేని లెక్క

ముస్లిం పెళ్లి మీద మన దేశంలో పరిశోధన చాలాకాలం కోర్టు తీర్పుల వెంటే నడిచింది. 1985లో విడాకులైన భార్య భరణం మీద షాబానో కేసు, మరుసటి ఏడాది దాని మీదే చట్టం, 2017 ఆగస్టులో 3-2 మెజారిటీతో ట్రిపుల్ తలాక్ కొట్టివేత, 2019లో మూడేళ్ల దాకా జైలు పెట్టిన చట్టం. ప్రతి మలుపులోనూ సెమినార్లు, థీసిస్‌లు. అందరి చెవులూ మొగుడి నోటి మాట మీదే.

భారతీయ ముస్లిం మహిళా ఆందోళన్ 2015లో పది రాష్ట్రాల్లో 4,710 మంది స్త్రీలతో మాట్లాడి సర్వే బయటపెట్టింది. నోటిమాట తలాక్ వద్దని 90 శాతానికి పైగా చెప్పారు. టీవీల్లో మోగింది ఆ అంకె ఒక్కటే. మెహర్ (పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఇవ్వాల్సిన సొమ్ము) గురించీ, నికానామా (పెళ్లి ఒప్పంద పత్రం) గురించీ అదే సర్వేలో అడిగారని ఎంతమందికి గుర్తుంది?

ఈమధ్య చూపు ఖులా వైపు, అంటే భార్య కోరి తీసుకునే విడాకుల వైపు మళ్లింది. అమెరికన్ మానవశాస్త్రవేత్త సిల్వియా వాటుక్ చెన్నై, హైదరాబాద్‌లలో దీన్ని ఎప్పుడో పట్టించుకున్నారు. భర్త ఒప్పుకోకపోయినా ఖులా ఆగదని తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో చెప్పాక ఆసక్తి ఇంకా పెరుగుతుంది. మంచిదే. కానీ ఖులా అడిగిన ఆడమనిషి మామూలుగా మెహర్ వదులుకుని బయటపడుతుంది. అసలు చూడాల్సింది ఈ డబ్బు సంగతి.

హైదరాబాద్‌లో నికా జరిపించే ఖాజీ రాసే పెళ్లి కాగితం, సియాహనామా చూడండి. వధూవరుల పేర్లు, వకీలు (పెళ్లికూతురి తరఫున మాట్లాడేవాడు), సాక్షులు, మెహర్. అది ఇన్ని వేల రూపాయలు, ఇన్ని దీనార్ సుర్ఖ్ (బంగారు దీనార్లు) అని అక్షరాల్లో ఉంటుంది. అప్పటికప్పుడు ఇచ్చేదా, తర్వాత ఇచ్చేదా అన్నదీ ఉంటుంది. మరి పిల్ల తండ్రి అప్పు చేసి ఇచ్చిన జోడే కీ రఖమ్, అంటే పెళ్లికొడుక్కిచ్చే కట్నం డబ్బు? బండి, ఫర్నిచర్, బీరువా? వాటికి గడి లేదు. మెహర్ ఇవ్వాల్సింది మగపిల్లాడు, అది మతం చెప్పిన మాట. జోడే డబ్బు మతంలో లేనిది, కాబట్టి కాగితంలోనూ లేదు! మెహర్ వేలల్లో, జోడే లక్షల్లో ఉండే పెళ్లిళ్లు పాతబస్తీలో వింతేమీ కాదు. పరిశోధకులు కాగితం ఉన్న చోటికే వెళ్తారు, అందుకే ఈ లెక్క వాళ్లకు దొరకడం లేదు.

ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లింలు, దూదేకుల పెళ్లిళ్ల సంగతి ఇంకా వెనకబడింది. ఖుత్బా (నికా ప్రసంగం) అరబ్బీలో, పెట్టుపోతల బేరం అచ్చ తెలుగులో జరిగే ఇళ్లవి. ఉర్దూ, ఇంగ్లిష్ పట్టుకుని వచ్చేవాళ్లకు ఆ బేరం ఎలా వినపడుతుంది?

మా వీధిలో ఒక ఖులా తేలినప్పుడు సియాహనామా ఖాజీ దగ్గర క్షణంలో దొరికింది. ఇచ్చిన సామాను లిస్టు మాత్రం అమ్మాయి తల్లి రేషన్ కార్డు కవర్‌లో దాచిన చీటీ మీద ఉంది. పెద్దమనుషులెవరూ దాన్ని తెరవమనలేదు.